జర త్రీడీల పెట్టుండ్రి!

రాణీగంజ్ బస్ డిపో చుట్టుపక్కల వీధుల్లో ఎటు చూసినా మోటార్లు, బేరింగులు, వాల్వులు, పైపులే. ఆ షాపుల్లో కౌంటరు వెనక కూర్చునే ఓనరు గారిని సికింద్రాబాద్‌లో తెలియనివాళ్ళు ఉండరు. గల్లాపెట్టె మీద లక్ష్మీదేవి, గోడ మీద దండ వేసిన నాయిన ఫొటో, చెవి మీద పెన్ను. ఈ మధ్య నాయిన ఫొటో పక్కన ఒక టీవీ వెలిసింది. టీవీ కొన్నాక ఊరికే ఉంచలేరు గదా, అందులో ఆడించడానికి ఎక్స్‌ప్లెయినర్ వీడియో కావలసి వచ్చింది. ఆ మాటను ఎంబీఏ చదివిన కొడుకు ఇంట్లోకి తెచ్చాడు.

సరుకు మంచిదే. సిమ్ కార్డు వేసిన స్టార్టరు. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే పొలంలో మోటారు తిరుగుతుంది. ఫేజు పోయినా, బోరులో నీళ్ళు అయిపోయినా తనంతట తానే ఆగి మెసేజి పెడుతుంది. ఆరున్నర అంగుళాల బోరులోకి, వందల అడుగుల కిందికి ఏ కెమెరా పోతుంది? అందుకని బొమ్మలు కదిలించి చూపించడమే మార్గం. ఇంతవరకు కొడుకు, తండ్రి ఒక్క మాట మీదే ఉన్నారు.

యానిమేషన్ కుర్రవాడు లాప్‌టాప్ తెరిచి నమూనాలు చూపించడంతో అసలు కథ మొదలైంది. మొదటిది వైట్‌బోర్డు. తెల్లటి తెర, ఒక చెయ్యి, నల్ల గీతలు.

"రంగులేవి తమ్మీ? పైసలు అయిపోయినయా?"

కుర్రవాడు కాగితం ముక్కలు కత్తిరించి జరిపిన వీడియో తీశాడు. 2009లో డ్రాప్‌బాక్స్ అనే అమెరికా కంపెనీ ఇలాంటిదే చేయించుకుని జనానికి తన సంగతి చెప్పుకుందన్నాడు.

"అమెరికల కాయితాలు కత్తిరిస్తరేమో. మాది రాణీగంజ్."

టూడీ బొమ్మల రైతును చూపిస్తే, ఛోటా భీమ్ లాగున్నాడన్నారు. ఛోటా భీమ్‌ది మన హైదరాబాదేనని, గ్రీన్ గోల్డ్ స్టూడియోలో తయారై 2008లో పోగో చానల్‌కెక్కాడని కుర్రవాడు కాస్త గర్వంగా చెప్పాడు. ఓనరు గారు సంతోషించారు గానీ, స్టార్టరు కొనేది లడ్డూలు తినే పిల్లలు కాదు కాబట్టి అది కూడా పక్కకు పోయింది.

"జర త్రీడీల పెట్టుండ్రి. ఈగ సినిమాల ఈగ లెక్క. అది వచ్చి మన మోటరు మీద వాలాలె."

2012లో వచ్చిన ఆ ఈగ వెనుక మకుట సంస్థవాళ్ళు పడ్డ కష్టాన్ని కుర్రవాడు రెండు ముక్కల్లో చెప్పబోయాడు. మోడల్ చెక్కాలి, పైన చర్మం వెయ్యాలి, వెలుగు పెట్టాలి, ఆపైన రెండరింగ్. రేటు చెప్పేసరికి ఓనరు గారు పెన్ను చెవి మీంచి తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నారు. అది బేరంలో మొదటి మెట్టు.

మధ్యలో ఒక రైతు వచ్చాడు. జేబీఎస్‌లో సిద్దిపేట బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు, భుజాన సంచి అలాగే ఉంది.

"ఎన్ని ఫీట్లేసినవు? ఎన్ని ఇంచుల నీళ్ళు పడ్డయి? త్రీ ఫేజేనా?"

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. ఓనరు గారు బిల్లుబుక్కు తిప్పి వెనక కాగితం మీద రెండు నిలువు గీతలు గీశారు, అది బోరు. అడుగున చిన్న పెట్టె, మోటారు. దాని పైన అలలా ఒక గీత, నీళ్ళు. ఆ గీతను ఇంకాస్త కిందికి గీసి, "ఇగో, నీళ్ళు గిక్కడికి దిగినయనుకో, మోటరు ఉత్తగ తిరిగి కాలుతది. గప్పుడు ఈ డబ్బ బంద్ చేస్తది" అన్నారు. నిమిషం పట్టలేదు. రైతు తల ఊపి డబ్బు లెక్కపెట్టాడు. కుర్రవాడు ఆ కాగితం వైపే చూస్తున్నాడు. నల్ల గీతలు, తెల్ల కాగితం, కదిలే చెయ్యి. ఏదో అనబోయి ఊరుకున్నాడు. బతకనేర్చినవాడు.

రైతుకు మోటారు ఇచ్చేముందు బోరు లోతు అడిగే మనిషి, వీడియో దగ్గరికి వచ్చేసరికి చూసేదెవరు, వాళ్ళకు అర్థం కానిదేమిటి అని ఒక్క ముక్క అడగడు. ఆయనకు కావలసింది వివరణ కాదు, దర్జా అని నా అనుమానం. వాళ్ళ నాయిన కాలంలో టాకీసులో ఇంటర్వెల్‌కు షాపు పేరుతో గాజు స్లైడు వేయించేవారు. పారడైజ్‌లో వేస్తే ఊరంతా చూసేదట. ఆ టాకీసు పోయి బిర్యానీ మిగిలింది, స్లైడు దర్జా మాత్రం కొడుక్కు వారసత్వంగా వచ్చింది.

స్క్రిప్టు మీద ఇంకో పంచాయితీ. మొదటి సీనులో రాత్రిపూట రైతు టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి పోతుంటాడు, దారిలో పాము. ఓనరు గారికి ఆ పాము తెగ నచ్చింది. గుమాస్తా లెక్కల పుస్తకంలోంచి తలెత్తి, "సార్, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చిండ్రు గదా, రాత్రి ఎందుకు పోతడు?" అన్నాడు. పైగా అప్పట్లో ఆటో స్టార్టర్లు తీసేయమని, లేకపోతే భూగర్భజలం అడుగంటుతుందని సర్కారే రైతులకు చెప్పింది. మన డబ్బా అలాంటిది కాదని, నీళ్ళను కాపాడేదని చెప్పడానికి ఇంకో ఇరవై సెకన్లు కావాలి. పాము పోయింది. ఓనరు గారు ఆ పూట టీ తాగలేదు.

చివరికి రాజీ కుదిరింది. రైతు టూడీ, మోటారు త్రీడీ, మొదట వినాయకుడు, ఆఖర నాయిన ఫొటో చుట్టూ తిరిగే కాంతి. మొత్తం తొంభై సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములని కుర్రవాడి నోట రాగానే ఓనరు గారి కాలిక్యులేటరు టకటకలాడింది.

"2160 బొమ్మలా! హోల్‌సేల్ రేటు ఎయ్యాలె మరి."

అన్నీ విడిగా గియ్యరని, చాలావాటిని కంప్యూటరే నింపుతుందని కుర్రవాడు చెప్పి చూశాడు. తప్పు చేశాడు. కంప్యూటరు నింపినవాటికి పైసలెందుకని రేటు ఇంకా దిగింది. అడ్వాన్సు ఇస్తూ ఓనరు గారు చివరి షరతు పెట్టారు.

"బొమ్మలన్నీ ఒక డబ్బల వేసి షాపుకు పంపుండ్రి. క్యాలెండరుకు పన్నెండు చాలు. మిగిలినయి గోడౌన్ల పెడతం, ఎవలన్న అడిగితే ఇయ్యొచ్చు."