వట్టిపోయిన ఆవుల దానం

“ఈ ప్రాజెక్టును ప్రపంచ డెవలపర్లకు సవినయంగా అంకితం చేస్తున్నాం” అని ఏ కంపెనీ అయినా ప్రకటించిందంటే, వచ్చే ఏడాది దానికి బడ్జెట్ లేదని అర్థం. లాభాలొచ్చే సరుకును ఎవరూ అంకితం చెయ్యరు, అమ్ముకుంటారు.

దాతల లోకంలో ఇది పాత ఆచారమే. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు సర్వస్వం దానం చేస్తానని యాగం తలపెట్టి, మేత మేయలేని, పాలివ్వలేని, ఈనలేని ఆవుల్ని తోలుకొచ్చి దక్షిణగా ఇచ్చాడు. కొడుకు నచికేతుడు చూసి చూసి ఉండబట్టలేక “మరి నన్నెవరికిస్తావు నాన్నా?” అని మూడుసార్లు అడిగాడు. ఒళ్ళు మండిన తండ్రి “యముడికి” అన్నాడు. మా సైబరాబాద్‌లో ఈ కథ ఏటా నడుస్తుంది. ప్రాజెక్టును ఓపెన్ సోర్స్ చేసేస్తున్నామని టౌన్‌హాల్ మీటింగులో చప్పట్లు మోగుతుండగా, దాన్ని ఏళ్ళ తరబడి రాసిన కుర్రాడు చెయ్యెత్తి “మరి మా టీమ్ ఏమవుతుంది సార్?” అంటాడు. వాణ్ణి బెంచికిస్తారు. నచికేతుడికి యముడి దగ్గర మూడు వరాలైనా దొరికాయి. మనవాడికి హెచ్చార్ దగ్గర రెండు నెలల జీతం దొరికితే గొప్ప.

కథలొద్దు, దాఖలా చూపించమంటే మోనో సంగతి చూడండి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ ప్రోగ్రాములు లైనక్స్ మీద కూడా నడవాలని కొందరు పంతం పట్టి 2001లో మొదలుపెట్టిన ప్రాజెక్టది. చేతులు మారి మారి 2016లో జామరిన్ కంపెనీతో పాటు మైక్రోసాఫ్ట్ గూటికి చేరింది. 2019 జులై తర్వాత చెప్పుకోదగ్గ విడుదల లేదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాన్ని, విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్ మీద నడిపించే వైన్ ప్రాజెక్టు వాళ్ళకు అప్పగించింది. న్యాయంగా మాట్లాడితే, ఇది ఉన్నవాటిలో మంచి దానం. వైన్ వాళ్ళకు ఆ కోడ్‌తో నిజంగా పనుంది, తమ కాపీని అప్పటికే వాళ్ళు పోషించుకుంటున్నారు. గడ్డి వేస్తున్నవాళ్ళ చేతికే పలుపు అందిందన్నమాట. మిగతా దానాల్లో ఆపాటి మర్యాద కూడా కనపడదు.

ఇక మా నల్లగండ్ల దాతగారి గురించి. ఫ్లైఓవర్‌కి అటో ఇటో, ప్రతి టవర్‌లోనూ ఒకాయన ఉంటాడు. పగలు గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో డైరెక్టరు, ఆదివారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో విప్లవకారుడు. అక్కడ ఆయన ఆగ్రహం చూడాలి! బిల్డర్ హ్యాండోవర్ ఇచ్చాడట. ఇచ్చాడు సరే, కార్పస్ ఫండ్ ఇవ్వలేదు. సెల్లారులో నీళ్ళు ఊరుతున్నాయి, ఎస్‌టీపీ కంపు కొడుతోంది, లిఫ్టుల ఏఎంసీ నిరుడే ముగిసింది, పైపులు ఎటునుంచి ఎటు పోయాయో చెప్పే డ్రాయింగులు లేవు. అమ్ముడుపోని ఫ్లాట్ల పేరు చెప్పి బిల్డర్ బావమరిది కమిటీలో కూర్చున్నాడు, ఏ తీర్మానం పెట్టినా అడ్డం పడుతున్నాడు. “ఇది హ్యాండోవర్ కాదండీ, వదిలించుకోవడం!” అని దాతగారు బల్ల గుద్దుతారు. అక్షరాలా నిజం.

సోమవారం పొద్దున అదే మనిషి తన కంపెనీ పాత ప్రాజెక్టును ఒక ఫౌండేషన్‌కి అప్పగించే కాగితాల మీద సంతకం పెడతారు. కోడ్ ఇచ్చారు. దాన్ని పరీక్షించే సర్వర్లు ఇవ్వలేదు, అవి కంపెనీ ఫైర్‌వాల్ లోపల ఉన్నాయి. ఏ ముక్క ఎందుకలా రాశారో చెప్పే డాక్యుమెంట్లు లేవు, తెలిసిన కుర్రాడు బెంచి మీదున్నాడు. పాత మార్పుల చరిత్ర మొత్తం చెరిపేసి “తొలి కమిట్” అని ఒకే మూట పడేశారు, ఎందుకంటే అందులో కస్టమర్ల పేర్లు, తమ్ముళ్ళ బూతులు ఉన్నాయని లీగల్ వాళ్ళు భయపడ్డారు. స్టీరింగ్ కమిటీలో మాత్రం బావమరిది ఉన్నాడు.

ఇంత చేశాక దాతగారికి ఒకటే దిగులు. “కమ్యూనిటీ ఏదీ? ఎవరూ రావడంలేదేం?”

రాకపోవడమేం, పిలిచే పద్ధతిలో పిలిస్తే ఎగబడి వస్తారు. ఇంజనీరింగ్ కాలేజీలో హ్యాకథాన్ పెట్టి, బిరియానీ ప్యాకెట్టు, స్టిక్కరు, టీ షర్టు ఆశ చూపితే చాలు. టీ షర్టు మహిమ 2020 అక్టోబరులోనే లోకం చూసింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్ళకిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ చొక్కా కోసం ఊరూ పేరూ లేని పనికిమాలిన మార్పులు ప్రాజెక్టుల మీద వచ్చి పడితే, ఇష్టపడి చేరిన ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకొస్తాయని నిర్వాహకులు పండుగ మధ్యలో నిబంధన మార్చాల్సొచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు వంతు. వీడియో పాఠంలో మాస్టారు చూపించింది చూపించినట్టే చేసి, మన దేశపు విద్యార్థులు తమ పేర్లను ఆ ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్లో చేర్చమని వరస కట్టారు. పిల్లల్ని తప్పు పట్టలేను. ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అని రెజ్యూమెలో ఒక ముక్క లేకపోతే ఇంటర్వ్యూకే పిలవనివాళ్ళు ఈ దాతగారి మనుషులే కదా. దాతగారు మాత్రం ఇలాంటి రద్దీని స్లయిడ్‌లో పైకెక్కే గీతగా చూపించి ప్రమోషన్ కొట్టేస్తారు.

నిజంగా పని తెలిసినవాడు అరుదుగా ఒకడు వస్తాడు. మూడు రాత్రులు కూర్చుని ఒక లోపం పట్టుకుని, సరిచేసి పంపిస్తాడు. సమాధానం ఉండదు. చూడాల్సిన కుర్రాడికి ఆ పని ఇప్పుడు డ్యూటీ కాదు. పోనీ ఇంటికెళ్ళి రాత్రి చూస్తాడా అంటే, చాలా కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్లలో ఒక పేరా ఉంటుంది: ఉద్యోగంలో ఉండగా నీ బుర్రలోంచి వచ్చే ప్రతి అక్షరం మాది. 2022 సెప్టెంబరులో, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేశామని విప్రో ఛైర్మన్ చెప్పారు. ఆ వ్యవహారం వేరు, ఓపెన్ సోర్స్‌తో దానికి సంబంధం లేదు. కానీ విప్రో క్యాంపస్ పక్కనే ఉన్న గోపనపల్లిలో, నల్లగండ్లలో అద్దెకుండే కుర్రాడు ఆ తేడా లాయర్‌ని అడిగి తెలుసుకోడు. ల్యాప్‌టాప్ మూసేసి పడుకుంటాడు.

కమిటీలో బావమరిది ఉంటే ఏమవుతుందో ఫేస్‌బుక్‌లో 2012లో పుట్టిన ప్రెస్టో అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు చూపించింది. ఆ పనికి కొత్తగా వేసిన ఉద్యోగులకు, ఇంకా ఏమీ రాయకముందే కమిట్ హక్కు ఇచ్చెయ్యాలని పైవాళ్ళు పట్టుబట్టారని దాన్ని సృష్టించినవాళ్ళే చెప్పారు. వాళ్ళు 2018లో కంపెనీ వదిలేశారు, 2019 జనవరిలో వేరు కుంపటి పెట్టారు. ఆ సెప్టెంబరులో ఫేస్‌బుక్ ప్రెస్టోను లైనక్స్ ఫౌండేషన్‌కు దానమిచ్చింది. పేరు అటు పోయింది కాబట్టి, కన్నవాళ్ళే 2020 డిసెంబరులో తమ బిడ్డకు ట్రినో అని మళ్ళీ బారసాల చేసుకున్నారు.

మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టినప్పుడు మనం మిఠాయిలు పంచుకున్నాం. ఆ ఏడాదే డాట్‌నెట్ ఫౌండేషన్ వచ్చింది, కోడ్ బయటికొచ్చింది. గొప్ప మలుపే, కాదనను. 2021 అక్టోబరులో మాత్రం, నడుస్తున్న ప్రోగ్రాములో మార్పు అప్పటికప్పుడు కనిపించే హాట్ రీలోడ్ సౌకర్యాన్ని ఓపెన్ సోర్స్ పనిముట్టులోంచి పీకేసి విజువల్ స్టూడియో 2022కే పరిమితం చెయ్యబోయారు. డెవలపర్లు ఏకిపారేశారు. కొద్దిరోజుల్లోనే క్షమాపణ చెప్పి వెనక్కి తెచ్చారు. ఫౌండేషన్ పుట్టిన ఏడేళ్ళకు కూడా, పీకే చెయ్యి ఎవరిదన్నదానికి జవాబు మారలేదు.

ఇవన్నీ పరాయి భాషలో గొడవలనుకుంటే, మన ముంగిట్లో జరిగిన దానం ఒకటుంది. 2009 నుంచి 2011 దాకా గూగుల్ తన అనువాద పనిముట్టుతో ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల్ని డబ్బిచ్చి తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, బెంగాలీల్లోకి చేయించింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను అప్పటికి పిడికెడు మంది, ఉద్యోగాలయ్యాక రాత్రిళ్ళు కూర్చుని, ఊరి పేర్లూ సినిమా పేర్లూ ఎక్కించి పెంచుతున్నారు. వాళ్ళకేం కావాలో ఎవరూ అడగలేదు. గూగుల్లో జనం ఏం వెతుకుతున్నారో చూసి వ్యాసాలు ఎంచారు. పొడవాటి వ్యాసాలు వచ్చిపడ్డాయి: కర్త ఒక వీధిలో, క్రియ ఇంకో వీధిలో, మధ్యలో లేని పేజీలకు ఎర్ర లింకులు. చర్చాపేజీలో “అయ్యా, ఈ వాక్యం ఏమిటి?” అని అడిగితే పలికే నాథుడు లేడు. అనువాదకుడికి పదానికింత అని ముట్టింది, వాక్యం తన బాధ్యత కాదు. బెంగాలీవాళ్ళు గేటు మూసేశారు, తమిళులు మొహమాటం లేకుండా నిలదీశారు. మనవాళ్ళు మర్యాదస్తులు. ఏళ్ళ తరబడి దిద్దుతూ కూర్చుని, చివరికి చాలావాటిని తొలగించాలని తీర్మానించారు. దాత ప్రాజెక్టు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఊడ్చే పని ఉచిత సేవకులకు మిగిలింది.

అదే గచ్చిబౌలిలో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచీ కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి ఆపరేటింగ్ సిస్టంకి తెలుగు నేర్పింది. అద్దాల మేడ లేదు, స్టిక్కర్ల బడ్జెట్ లేదు. అక్కడికొచ్చిన పిల్లవాడు “ఈ మాట బాగాలేదు, మార్చండి” అంటే వాదన జరుగుతుంది, గెలిస్తే మాట మారుతుంది. దాతగారికి ఈ ఉదాహరణ చెప్పాను. “మంచి సంస్థ. స్పాన్సర్ చేద్దాం, వాళ్ళ వాలంటీర్లను మన ప్రాజెక్టుకి ఓ ఆరు నెలలు ఇస్తారేమో కనుక్కోండి” అన్నారు.

ఒరాకిల్ గుర్తొచ్చింది నాకు. అప్పట్లో దాని చేతిలో ఉన్న ఓపెన్ ఆఫీస్ రాసేవాళ్ళలో చాలామంది 2010 సెప్టెంబరులో లిబ్రే ఆఫీస్ పేరుతో మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. 2011 జూన్‌లో ఒరాకిల్ ఖాళీ ఇంటిని అపాచీ ఫౌండేషన్‌కి దానమిచ్చింది. ఆ సంగతి దాతగారికి చెబితే, “మనం అలా కానివ్వం, గవర్నెన్స్ పక్కాగా పెట్టాం” అని నియమావళి తీసి చూపించారు. స్టీరింగ్ కమిటీలో ఏడు కుర్చీలు. ఆరు కంపెనీవి. ఏడోది ‘కమ్యూనిటీ ప్రతినిధి’కి, ఏడాదిగా ఖాళీ. “చూశారా, అవకాశమిచ్చినా ముందుకు రారు మన జనం,” అని నిట్టూర్చారు. చిన్న అక్షరాల్లో ఉన్న కింది గీత నేను చదివాను: ఆ కుర్చీకి ఓటు లేదు.