ట్రైనింగ్ కుక్కకి కాదు సార్, మీకు!

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోకి ఆ మధ్య ఒక లాబ్రడార్ పిల్ల దిగింది. దాని వెనకే వారానికి మూడు రోజుల చొప్పున ట్రైనరూ దిగాడు. యజమాని డబ్బిచ్చేసి టీవీ ముందు కూర్చోబోతే ఆ కుర్రాడు వినయంగా, "ట్రైనింగ్ దానికి కాదు సార్, మీకు. లేచి రండి" అన్నాడట. అప్పట్నుంచి ఆయన రోజూ సాయంత్రం సెల్లార్‌లో 'సిట్', 'స్టే' నేర్చుకుంటున్నాడు. కుక్క ఓపిగ్గానే నేర్పుతోంది.

ఎదురు ఫ్లాట్ పిన్నిగారింటికి అదే నెలలో ఒక అమ్మాయి వచ్చింది. పదేళ్ళది, పిల్లల హోమ్ నుంచి. దత్తత కాదు, ఫోస్టర్ కేర్. అంటే ఈవిడ పెంపుడు తల్లి అన్నమాట. మన భాషలో కుక్క ముందూ తల్లి ముందూ ఆ 'పెంపుడు' ఒకటే. ట్రైనర్ మాత్రం కుక్క ఉన్న ఇంటికే వస్తాడు.

చట్టానికి వంక పెట్టలేం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కుటుంబం సామర్థ్యం, ఉద్దేశం, పిల్లల్ని చూసుకున్న అనుభవం పరిశీలించి ఎంపిక చేయాలి. నెలనెలా తనిఖీ చేయాలి. 2024లో మార్గదర్శకాలు సవరించి, 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఒంటరివాళ్ళు కూడా తెచ్చుకోవచ్చన్నారు. రెండేళ్ళు సాకాక దత్తత అడగొచ్చన్నారు. అంతకుముందైతే అయిదేళ్ళు ఆగాలి. యాభై రెండేళ్ళ బడిపంతులమ్మ పిన్నిగారికి ఆ సవరణే దారిచ్చింది. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు కూడా ఉన్నాయి. రోజుకి 133. లాబ్రడార్ తిండి సంచీ మీద ధర నేను చూశాను గాని, పోల్చను. పైగా ఆ నాలుగు వేలూ ప్రస్తుతం 'ప్రాసెస్‌లో' ఉన్నాయట. ప్రాసెస్ అనేది ఒక ఊరు. మన ఫైళ్ళకి అది అత్తారిల్లు. వెళ్ళినవి అంత తొందరగా తిరిగిరావు.

పెంపుడు తల్లులకి శిక్షణ జరగలేదనుకునేరు, జరిగింది. ఒక పూట. పదిన్నరకన్నారు, పన్నెండుకి జ్యోతి వెలిగించారు; అగ్గిపెట్టె కోసం క్యాంటీన్‌కి మనిషిని పంపాల్సి వచ్చింది. పిల్లలు దేవుళ్ళని ముఖ్య అతిథి చెప్పారు. ముఖ్య అతిథి చెప్పింది అక్షరాలా నిజమని తర్వాతి వక్త చెప్పారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. పిన్నిగారికి ఫోల్డరూ పెన్నూ దక్కాయి. "సందేహాలేమైనా ఉంటే..." అని మైకు అంటుండగానే జనం భోజనాల దగ్గర లైను కట్టేశారు. చివర్లో పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టి ఫొటో. ఇలాంటి పిల్లల పేర్లూ ఫొటోలూ బయటపెట్టకూడదంటుంది అదే చట్టం 74వ సెక్షన్. అందుకే నేను అమ్మాయి పేరు రాయడం లేదు. ఫొటో కావాలంటే మీ వాట్సాప్ గ్రూపుల్లోనే వెతుక్కోండి.

ఫోల్డర్లో లేని సంగతి చీమలు చెప్పాయి. దిండు కింద, లెక్కల నోట్‌బుక్ కాగితంలో చుట్టి, ఎండిపోయిన రెండు ఇడ్లీలు. స్కూలు బ్యాగు అడుగున సగం చపాతీ. పిన్నిగారు కాస్త గట్టిగానే అడిగారు: "నేను నీకు తిండి పెట్టడం లేదా తల్లీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అమ్మాయి నోరు విప్పలేదు. మర్నాడు దాచే చోటు మార్చింది.

ఫోల్డరిచ్చిన ఆఫీసుకి ఫోన్ చేస్తే రెండు రోజులు మోగింది. మూడో రోజు ఎత్తినావిడ, "రాతపూర్వకంగా ఇవ్వండమ్మా" అంది. ఇడ్లీల గురించి అర్జీ ఎలా రాస్తారు? నెల తనిఖీకి వచ్చినాయనేమో పిన్నిగారు పక్కనుండగానే, "ఆంటీ బాగా చూసుకుంటోందా?" అని అమ్మాయిని అడిగారు. ఆ అంది. టిక్కు పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లకి ఒక సోషల్ వర్కర్, సాకేవాళ్ళకి విడిగా ఇంకో సోషల్ వర్కర్ ఉంటారు. మనకి ఇద్దరికీ కలిపి ఒక టిక్కు.

ఓ సాయంత్రం లిఫ్టులో లాబ్రడార్‌తో దిగుతున్న ట్రైనర్ దగ్గర పిన్నిగారు ఉండబట్టలేక చెప్పేశారు. కుర్రాడు తల గోక్కున్నాడు. "పిల్లల సంగతి నాకు తెలీదు మేడం. వీధి కుక్కని తెచ్చుకున్నవాళ్ళకైతే ఒకటే చెబుతాను. దాచుకుంటే లాక్కోవద్దు, తిట్టొద్దు. రేపు కూడా దొరుకుతుందని దానికి నమ్మకం కుదరాలి. అందాకా కళ్ళెదురుగా ఏదో ఒకటి ఉంచండి."

ఫీజు అడగలేదు. జ్యోతి కూడా వెలిగించలేదు.

ఇప్పుడు వంటింటి గట్టు మీద, అమ్మాయి చెయ్యి అందేచోట, ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో మరమరాలు, పల్లీ ఉండలు. ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అయిదు వారాలుగా దిండు కింద చీమల్లేవు. మొన్న తనిఖీకి వచ్చినాయన అందులోంచి రెండు ఉండలు తిని, బాగున్నాయని మెచ్చుకుని, 'శిక్షణ ఇవ్వబడినది' అన్నచోట టిక్కు పెట్టుకుని వెళ్ళారు.