ఆకు నూనె పథకం

మన మెట్ట వేరుశనగ చేలల్లో ఆకు దిగుబడి అద్భుతం. కాయ సంగతి అడక్కండి, బాగుండదు. మోకాలెత్తు పైరు, కళ్లు చెదిరే పచ్చదనం. గట్టు మీద నిలబడితే చాలు, కడుపు నిండిపోతుంది. మొక్క పీకితేనే తంటా: నాలుగు కాయలు, అందులో రెండు లొట్టలు.

వేరుశనగ పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లో రైజోబియంను కాపురం పెట్టించుకుని గాలిలోని నత్రజనిని తానే వండుకుంటుంది. బుడిపెలు కట్టేదాకా చేతిఖర్చుకు, వర్షాధారపు పైరుకైతే, ఎకరాకు 18 కిలోల యూరియా చాలని శాస్త్రవేత్తల సిఫార్సు. బస్తా విప్పాక 18 దగ్గర ఆపేస్తే మిగతా 27 కిలోలు చిన్నబుచ్చుకోవూ! కుమ్మరిస్తాం. ఊరికే కూడొస్తుంటే బుడిపెలు మాత్రం పొయ్యి ఎందుకు రాజేస్తాయి?

45 కిలోల బస్తా 266.50 రూపాయలు, అసలు ఖర్చులో సింహభాగం ఖజానాది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ అంటూ భాస్వరాన్ని, పొటాష్‌ను బజారుకు తోలి, యూరియాను మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. ఓట్ల పంటకు అది లేనిదే గడవదు మరి. 2018లో బస్తాలోంచి 5 కిలోలు తీసేశారు, రైతు బస్తాల లెక్కన చల్లుతాడు గనక వాడకం తగ్గుతుందని. రైతుకు లెక్కలు రావనుకున్నారు కాబోలు! 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం నిలబడ్డ మనుషులకు ఓపిక చాలక చెప్పులే క్యూ కట్టాయి.

పైరు తినగా మిగిలింది కొంత నైట్రేటై బోరునీళ్లలోకి, కొంత నైట్రస్ ఆక్సైడై ఆకాశంలోకి. భూమిని వేడెక్కించడంలో ఈ వాయువుది బొగ్గుపులుసు వాయువు కంటే 270 రెట్ల పైచేయి. ఆవాలు, పొద్దుతిరుగుడుల్లోనైతే నత్రజని మితిమీరేకొద్దీ గింజలో నూనె శాతమే పడిపోతుంది. నూనె తగ్గించే ఎరువుకు సబ్సిడీ, తగ్గిన నూనెకు దిగుమతి! దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడలెక్కి వస్తున్నదే. ఇంతకంటే ఆకును ఆడించే గానుగ కనిపెట్టడం చవక. ముడిసరుక్కి కొదవ లేదు.

పాపం, వేరుశనగ అడిగేది జిప్సం. ఊడలు దిగేవేళ ఎకరాకు 200 కిలోలు మొదళ్లలో వేసి మట్టి ఎగదోస్తే నూనెకు గంధకం, కాయకు కాల్షియం. నేలలో ఊరే కాయ ఆ కాల్షియాన్ని వేరు నుంచి కాదు, పక్కనున్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. కానీ జిప్సం కోసం ఏ నాయకుడు ధర్నా చేశాడు? ఏ చెప్పులు క్యూ కట్టాయి? ఎరువుల దుకాణంలో అడిగి చూడండి.

"జిప్సం స్టాకు లేదన్నా. యూరియా రెండు బస్తాలిస్తా. ఈ సీసా గూడా తీసుకోవాల, లింకు."

"ఏందది?"

"ఆకు బాగా వస్తాదన్నా."