కృష్ణపట్నపు బారు

2021 మే నెలలో, అందాక ఓడలే వెదకుకొని వచ్చుచుండిన కృష్ణపట్నమునకు కార్లును, ఆటోలును, ప్రాణవాయువు గొట్టములు తగిలించిన అంబులెన్సులును బారులు తీరినపుడు, మన విద్యావంతులు జనుల అజ్ఞానమునకు మిక్కిలి చింతిల్లిరి. కరోనాకని ఆనందయ్య యనునతడు అక్కడ పంచుచుండిన నాటుమందులో తేనె యెంత, జిల్లేడు మొగ్గలెన్ని, కంటి చుక్కలలో ముళ్ళవంకాయ యేల యని టీవీలలో పండితులు రాత్రులు తెల్లవార్చిరి గాని, ఆ బారులో నిలిచినవాడు అంతకుముందు ఏ ఆసుపత్రిలో మంచము దొరకక తిరిగివచ్చెనో యడిగినవారు అరుదు.

మందునకు శాస్త్రీయమైన రుజువు లేదన్నది నిజమే. పుచ్చుకొమ్మని నేనెవ్వరికిని చెప్పను. అయితే పసరునకు రుజువడిగిన నోటితోనే ప్రభుత్వ వాగ్దానములకును రుజువడుగరాదా? డబ్బు లేదను కారణమున ఏ యొక్కడును వైద్యమునకు దూరము కారాదని 1946లో భోర్ కమిటీ సెలవిచ్చినది. 2000 నాటికి అందరికీ ఆరోగ్యమని 1978లో ఆల్మా ఆటాలో దేశములన్నియు ఒట్టు పెట్టుకొన్నవి; ఆ సంవత్సరము వచ్చినది, పోయినది, ఆ ‘అందరు’ మాత్రము ఇంకను దారిలోనే యున్నారు. 2025 నాటికి ప్రజారోగ్యమునకు జాతీయోత్పత్తిలో 2.5 శాతము వెచ్చింతుమని 2017 నాటి జాతీయ విధానము పలికినది. గడువులు దాటించుటలో మన పాలకులకు సాటి లేరు.

పేదవానికి ఏమియు చేయలేదనుట కృతఘ్నత. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము ఎన్నియో గుండెలను కాపాడినది. కాని అది ప్రధానముగా శస్త్రచికిత్సల స్థాయికి ఎదిగిన రోగములనే ఆదరించును. మైపాడు తీరమున తెల్లవారకమునుపే పడవనెక్కిన జాలరి ఒడ్డు చేరి, చేపలు వేలమున అమ్మి, తలనొప్పితో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవుసరికి ఓపీ వేళ దాటియుండును. రేపు రమ్మందురు, రేపును వాడు సముద్రమునందే యుండును. కావున వాడు తొందరపడక, రక్తపుపోటును ఏండ్ల తరబడి శ్రద్ధతో పోషించుకొని, గుండె గట్టిగా చెడిన పిమ్మట కార్డు చేతబట్టి నెల్లూరు చేరినచో, రూపాయి మాత్రకు నోచుకొననివానికి లక్షల వైద్యము ఉచితముగా లభించును. ఓపిక గలవానికే మన పథకము ఫలించును.

2021 మే 31న ప్రభుత్వము కంటి చుక్కలను పక్కనబెట్టి ఆనందయ్య మందులలో కొన్నింటికి అనుమతి నిచ్చుచు, కరోనా రోగులు స్వయముగా రాకూడదు, వారి బంధువులే వచ్చి తీసికొనిపోవలెనని షరతు విధించినది. డాక్టరు లేని వేళ కేంద్రమునకు పోయి వచ్చిన ఆ జాలరి, రోగి రాని వైద్యమను మాట విని, పెద్దగా ఆశ్చర్యపడి యుండడు.