బోల్టే కదా, ఏదైతేనేం!

లక్షలు పోసి పంపు కొన్నాక, దాన్ని బిగించే బోల్టుకు కూడా ఖర్చు పెడితే మేనేజరుగా మీ గొప్పేముంది? కొటేషన్లలో తక్కువ రేటు ఎవరిదో చూడండి, చాలు. ఉప్పునీళ్లు తోడుతున్నారా, మంచినీళ్లా అని బోల్టు అడగదు. మీరూ అడక్కండి.

స్టెయిన్‌లెస్ కావాలని ఎవరైనా పట్టుబడితే జేబులోంచి అయస్కాంతం తీయండి. అంటుకోలేదా, అసలు సిసలు సరుకే! నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 సిరీసూ అంటుకోదు, ఉప్పుగాలికి తొందరగా తుప్పూ పడుతుంది. ఆ సంగతి అయస్కాంతానికే తెలియనప్పుడు మీకెందుకు? పైగా మేలైన 304 బోల్టు కూడా, వేడి చేయకుండా ఒత్తి తల తీర్చడంవల్ల, కాస్త అంటుకోవచ్చు. అలాంటివాటిని మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి. తల మీద ఏ2-70 అనో ఏ4-80 అనో అచ్చు ఉంటుంది. అది చదవడానికి కళ్లద్దాలు వెతుక్కోవాలి, వదిలేయండి. ఏ4లో, అంటే 316 తరగతిలో, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడు పొడిచే సూదిబెజ్జాలను అది చాలావరకు ఆపుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువులో తిరిగే ఏరేటరుకు అంత భోగమా? రొయ్యలేమైనా బిల్లు చూస్తాయా?

లోహాలు కలపడానికి భయపడొద్దు. పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుకు చిన్న మైల్డ్ స్టీలు బోల్టులు బిగించండి. ఉప్పునీరు చేరగానే అది బ్యాటరీ అవుతుంది. ప్లేటు చెక్కుచెదరదు, అరిగేదంతా బోల్టే. ఖరీదైనదే మిగిలింది కదా! మధ్యలో నైలాన్ వాషరూ స్లీవూ పెట్టడం ఆలుమగల్ని విడదీసినంత పాపం.

స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టును గ్రీజు రాయకుండా మెషీన్‌తో ఝామ్మని తిప్పండి. మరలు అతుక్కుపోయి మధ్యలో ఆగితే సంతోషించండి, ఇక ఊడదు. విప్పాల్సొస్తే కోయడానికి గ్రైండర్ ఉంది.

బలం చాలదనిపిస్తే 8.8 గ్రేడు మానేసి 12.9 కొనండి, దానికి జింకు ప్లేటింగ్ చేయించండి. తర్వాత ఓవెన్లో కాల్చి, ప్లేటింగప్పుడు ఉక్కులో దూరిన హైడ్రోజన్ వెళ్లగొట్టాలంటారు, కరెంటు దండగ. శాన్‌ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జిలో 2013లో, గాల్వనైజ్ చేసిన మహాబలమైన యాంకర్ రాడ్లు బిగించిన కొద్దిరోజులకే 96లో 32 విరిగాయి. తడి చేరింది, హైడ్రోజన్ ఉక్కును పెళుసు చేసింది. అది అమెరికావాళ్ల గొడవ. మిగతా 64 నిలిచాయిగా!

ఇన్ని చేసినా ఎక్కడైనా ఎర్రమరక కనిపిస్తే సిల్వర్ పెయింటు కొట్టించండి. తనిఖీకొచ్చేవాళ్లు టీ తాగేసరికి ఆరిపోతుంది.