సున్నాలతో పుట్టినదాన్ని

నేను జావా ప్రోగ్రాములో ఒక ఇంట్ అర్రేని. మలేషియాలో ఒక వర్షమాపకం గంటగంటకూ పంపే లెక్కను, మిల్లీమీటరులో పదో వంతు కొలతన, రోజుకు 24 గళ్లలో మోస్తాను. పుట్టుకతోనే నా గళ్లన్నీ సున్నాలు. అది జావా పెట్టిన నియమం, ఎవరి నిర్లక్ష్యమూ కాదు. చిక్కల్లా అక్కడే. కౌలాలంపూర్‌లో పగలంతా ఎండ కాసి సాయంత్రం కుండపోతగా కురవడం మామూలు కనుక, చాలా గంటలకు అసలైన లెక్క కూడా సున్నాయే. పదో గడిలో సున్నా ఉందంటే చినుకు పడలేదనా, రీడింగే అందలేదనా? నన్ను తిరగేసి చూసినా తేలదు. నేనసలు ఉన్నానా అని నల్‌తో పోల్చి చూడొచ్చు, నా పొడవు సున్నాయేమో అడగొచ్చు. గడిలోని విలువను మాత్రం నల్‌తో పోల్చబోతే కంపైలరే ఒప్పుకోదు.

సున్నా అంటే ఖాళీ అనేసుకుంటే పోలేదా అనేవాళ్లకు ఉష్ణోగ్రతల అర్రే ఆసరా. మలేషియా వాతావరణ స్టేషన్లలో నమోదైన కనిష్ఠం 1978 ఫిబ్రవరి 1న కామెరాన్ హైలాండ్స్‌లో 7.8 డిగ్రీలు, అక్కడ సున్నా కనిపిస్తే రీడింగ్ రాలేదనే అర్థం. నిజమే, పని గడుస్తుంది. కానీ ఆ వెసులుబాటు వాతావరణం ఇచ్చినది, ప్రోగ్రామరు సంపాదించినది కాదు. మలేషియాలోనే 4,095 మీటర్ల కినబాలు శిఖరం మీద అప్పుడప్పుడూ మంచు గడ్డకడుతుంది. అక్కడ థర్మామీటరు పెట్టిననాడు ఆ ధీమా చెల్లదు. అందని రీడింగుకు గుర్తుగా -1 పెట్టడం కొంత నయం, వాన సున్నాకు కిందికి పోదు గనుక. అయితే నన్ను కూడే ప్రతి లూపూ దాన్ని దాటెయ్యాలి. మరిచిపోతే, మూడు గంటలు రీడింగులు రాని రోజున మొత్తంలో 0.3 మిల్లీమీటర్లు తరుగుతాయి, ఎవరి కంటా పడవు. -9999 పెట్టి ఉంటే కనీసం ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారు!

నల్ పట్టే ఇంటిజర్ల అర్రేని కొట్టిపారెయ్యను. ఖాళీ గడిని కూడబోతే ప్రోగ్రాము అక్కడే ఆగుతుంది. తప్పు మొత్తం కన్నా అదే మేలు. కానీ -128 నుంచి 127 దాకా ఒక్కో విలువకూ జావా ఒకే వస్తువును పంచిపెడుతుంది, ఆపైన మామూలుగా వేరువేరు వస్తువులు. రెండు గంటల లెక్కను రెండు సమాన చిహ్నాలతో పోలిస్తే 12.7 మిల్లీమీటర్ల వరకు సరిగ్గానే తేలుతుంది, వాన ముదిరాక సమానమైనవే కావంటుంది. అందుకే నా పక్కన ఒక బిట్‌సెట్ ఉండాలంటాను: రీడింగ్ అందిన గంటకు అందులో గుర్తు పడుతుంది. రెండిటికీ పొంతన తప్పదా అంటే, ఇద్దరినీ ఒకే క్లాసులో ఉంచి బయటివాళ్లను నేరుగా నాలో రాయనివ్వకపోతే సరి. గరాటులో ఆకు అడ్డుపడి, కుండపోతలోనూ సున్నా పంపే మాపకానికి మాత్రం ఆ గుర్తూ పడిపోతుంది. దాన్ని పట్టాల్సింది పక్క స్టేషన్లతో పోల్చి చూసే ప్రోగ్రాము.