ఒక జెరాక్స్ షాపు వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి మేఘసందేశానికి వ్యాఖ్య రాసి సంజీవని అని పేరు పెట్టాడు. యజమానికి కోపం వచ్చింది, ఏడాది పాటు దేశాంతరం, ఇంటికి కబురంపాలంటే మబ్బు తప్ప దిక్కులేదు. ఆ యక్షుడి కథ మా వైపు నుంచి కువైట్ వెళ్ళొచ్చిన ఎవరికి చెప్పినా, ఇందులో కొత్తేముందండీ అంటారు. కాబట్టి అంతటివాడు ముగించిన దాని జోలికి పోకుండా, ఆయన చేతికందని మూలం ఒకటి పట్టుకున్నాం. అది చింతలపూడి బస్టాండు దగ్గర ఒక జెరాక్స్ షాపులో పుట్టింది. కర్త ఒక పామాయిల్ రైతు. శ్రోత షాపు కుర్రాడు. వ్యాఖ్యాత ఆధార్ కాపీల కోసం వరసలో మూడోవాడు.

సందర్భం చెప్పాలి. రైతు కొడుకు దుబాయ్ వెళ్తున్నాడు. డిగ్రీ పట్టా మీద ముద్రలు వేయించాలి: రాష్ట్ర ప్రభుత్వానిది ఒకటి, మన విదేశాంగ శాఖది ఒకటి, ఎమిరేట్స్ రాయబార కార్యాలయానిది ఒకటి, అక్కడ దిగాక వాళ్ళ విదేశాంగ శాఖది మరొకటి. అయితే పట్టా ఇంటికొచ్చిన వారంలోనే తండ్రి దాన్ని ఇదే షాపులో లామినేషన్ చేయించాడు, పదికాలాలు ఉంటుందని. ప్లాస్టిక్కు మీద ముద్ర నిలవదు. ఇప్పుడు దాన్ని విప్పాలి. కుర్రాడు పైన పేపరు పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించి, అంచు మెత్తబడ్డాక బ్లేడు మొనతో పొర లేపుతున్నాడు. రైతు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆయన కంగారు తగ్గించడానికో, తన కంగారు తగ్గించుకోవడానికో కుర్రాడు మాట కలిపాడు: "దుబాయ్‌లో పనికా, బాబాయ్?"

మూలం

"మావాడు పనికెళ్ళట్లేదంట్రా అబ్బాయ్, పని పట్టుకెళ్తున్నాడంట."

పాఠభేదం

మా వెనక నిలబడ్డాయన "పని కట్టుకెళ్తున్నాడంట" అని విన్నాడు. పనిగట్టుకుని వెళ్ళడమంటే కావాలని వెళ్ళడం. పొమ్మన్నవాళ్ళు లేరు, ఇంట్లో తిండికి లోటు లేదు, అయినా వెళ్తున్నాడని అర్థం. పాఠం అసాధువు. అర్థం మాత్రం కొట్టిపారేసేది కాదు.

ప్రతిపదార్థం

మావాడు = కొడుకు. దరఖాస్తులో ఈ పదానికి గడి లేదు. అక్కడ అడిగేది ఇంటిపేరు. మనకు ముందుండేది వాళ్ళకు చివరుంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న వాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వమని ఎమిరేట్స్ 2022 నవంబరులో చెప్పింది. ఇంటిపేరును ఒక పొడి అక్షరంగా కుదించి ఊళ్ళో నెట్టుకొచ్చిన వాళ్ళందరికీ అప్పుడు తాతలు గుర్తొచ్చారు. జిల్లా గడి దగ్గర ఇంకో చిక్కు. పుట్టినప్పుడు పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు. కుర్రాడు ఊరు కదలకముందే జిల్లా కదిలిపోయింది.

పనికి = పని కొరకు. 'కి' షష్ఠి, అర్థం చతుర్థిది. మా మెట్ట ఊళ్ళలో 'పనికెళ్ళడం' అన్నమాటకు రూఢి వేరు: తెల్లారకుండా క్యారేజీ కట్టుకుని ఇంకొకరి చేలోకి నడవడం. అదే రూఢి సముద్రం దాటింది. ఈ రైతు చెల్లెలు కువైట్ వెళ్ళింది ఖద్దామా వీసా మీద. కాగితాల్లో దాన్ని 20 నంబరు వీసా అంటారు, అంటే ఇంటిపని. పది పాసవని వాళ్ళకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విడిగా అనుమతి కావాలి, ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండాలి. అక్కడ దిగాక కఫీల్, అంటే పూచీదారు, ఉంటాడు. అకామా, అంటే నివాస అనుమతి, ఆయన పేరు మీదే నడుస్తుంది. ఆయన మంచివాడైతే మంచిది. 'పనికి' అన్నప్పుడు ఆ 'కి' ని పట్టుకుని ఉన్నవాడు ఆ కఫీలే.

ఆ పట్టు విడిపించుకోవడానికి మనవాళ్ళు వాడుకలోకి తెచ్చుకున్నది ఆజాద్ వీసా. ఫ్రీ వీసా అని కూడా అంటారు. ఫ్రీ అంటే ఉచితమా? కాదు, అప్పు చేసి కొనాలి. స్వేచ్ఛా? అదీ కాదు. కాగితం మీద ఒక కఫీలు, చేసే పని ఇంకెక్కడో, పేరు వాడుకున్నందుకు ఆయనకు ఏటా కట్టుబడి, తనిఖీలో దొరికితే జైలు, ఆ తర్వాత విమానం. చట్టం పుస్తకంలో అలాంటి వీసా ఏదీ లేదు. లేనిదానికి అంత గిరాకీ ఉండటం తార్కికులు కుందేటి కొమ్ము దగ్గర కూడా ఊహించలేదు.

వెళ్ళట్లేదు = స్పష్టం.

పని = ఇక్కడే వివాదం. ఒకే వాక్యంలో ఈ మాట రెండుసార్లు వచ్చింది. శబ్దం ఒకటే అయి అర్థం వేరైతే యమకం. శబ్దం, అర్థం ఒకటే అయి తాత్పర్యం మాత్రమే తేడా ఉంటే లాటానుప్రాస. కొడుకు చేసేది కూడా పనే అని ఒప్పుకుంటే లాటానుప్రాస అవుతుంది. ఒప్పుకోకపోతే యమకం. రైతు ఏ పక్షమో మూలం తేల్చదు.

పట్టుకెళ్తున్నాడు = చేత్తో తీసుకుని వెళ్తున్నాడు. ఏమి పట్టుకుని? ఒక ల్యాప్‌టాప్, అమెరికాలో రెండు కంపెనీలు. వాటికి ఇన్నాళ్ళూ ఇంటి వసారాలోంచే కోడ్ రాశాడు. పోతున్నాడు అనకుండా వెళ్తున్నాడు అనడం గోదావరి జిల్లాల మర్యాద, బయల్దేరేవాడి విషయంలో 'పోవు' ధాతువు మేము వాడం.

పని పట్టుకెళ్ళడం మా ప్రాంతానికి కొత్తని కొందరు అంటారు. కొల్లేటి వైపు బాతులవాళ్ళను చూడని మాట అది. వరికోతలు అవ్వగానే మందను తోలుకుని, ఈ చేలో రాలిన గింజలు అయిపోతే ఆ చేలోకి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి సాగుతారు. ఎక్కడ గుడారమో అక్కడే కొలువు. (కొల్లేటి పక్షులకు వీసా అక్కర్లేదన్న చమత్కారం ఈ జిల్లాలో పెన్ను పట్టిన ప్రతివాడికీ తడుతుంది. మాకూ తట్టింది. వదిలేశాం.) పట్టుకెళ్ళలేని పని రైతుది. పామాయిల్ చెట్టు నాటితే పాతికేళ్ళు అక్కడే నిలబడి కాస్తుంది. గెల కోశాక 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె చెడుతుంది. మహా అయితే ఒక ట్రాక్టరు వెళ్ళగలిగినంత దూరం.

ఫ్రీలాన్స్ అన్న పరభాషాపదం కూడా ఇక్కడ వ్యాఖ్యేయం. లాన్స్ అంటే ఈటె. స్కాట్ దొర 1819లో అచ్చయిన ఐవన్హో నవలలో, ఏ రాజుకూ కట్టుబడకుండా డబ్బిచ్చినవాడి పక్షాన పోరాడే భటులకు ఈ పేరు వాడాడు. మన కుర్రాడు పట్టుకెళ్లే ఈటె బరువు కిలోన్నర, ఛార్జరుతో కలిపి.

పూర్వపక్షం

ఇప్పుడు ఆ ఎమిరేట్స్ వాళ్ళు ఇతన్ని ఎందుకు రానిస్తారు? 2022 అక్టోబరులో వాళ్ళు గ్రీన్ వీసా అని మొదలుపెట్టారు. 5 ఏళ్ళ నివాసం, కఫీల్ అక్కర్లేదు, తనకు తానే పూచీ. అక్కడి మానవవనరుల శాఖ నుంచి ఫ్రీలాన్స్ పర్మిట్ ఉండాలి, డిగ్రీయో ప్రత్యేక డిప్లొమానో ఉండాలి, సొంత పని మీద గడిచిన రెండేళ్ళలో ఏటా 3,60,000 దిర్హాములకు తగ్గకుండా సంపాదించి ఉండాలి, లేదా అక్కడ ఉన్నన్నాళ్ళూ గడుపుకోగల స్తోమత చూపించాలి. ఆ దిర్హాములు మన లెక్కలో 80 లక్షలు దాటుతాయి. జర్మనీ వాళ్ళ నివాస చట్టంలో 21వ సెక్షన్ ఇంకా లోతుకు వెళ్ళి, స్వయం ఉపాధికి వచ్చేవాడు 45 ఏళ్ళు దాటినవాడైతే ముసలితనానికి ఏం దాచుకున్నావో చూపించమంటుంది. పోర్చుగల్ 2022లో పెట్టిన వీసాకు వాళ్ళ కనీస వేతనానికి నాలుగింతలు సంపాదన ఉండాలి. చెల్లెల్ని అడిగింది నీకేం పని వచ్చని. మేనల్లుణ్ణి అడుగుతున్నది మా దగ్గర పని లేకపోయినా నీకు గడుస్తుందా అని.

దీని మీద మా వెనకాయన పూర్వపక్షం లేవదీశాడు. "వసారాలో కూర్చుని 80 లక్షలా! మరింక ఎళ్ళడం దేనికండీ?"

సమాధానం చెప్పడం వ్యాఖ్యాత ధర్మం. ఎమిరేట్స్‌లో మనిషి సంపాదన మీద ఆదాయపు పన్ను లేదు. మన చట్టం ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాణ్ణి ఇక్కడివాడే అంటుంది, కాబట్టి ఇలా వెళ్ళేవాళ్ళు రోజులు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటారు. అయితే ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, మరే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుణ్ణి, లేకపోయినా ఉన్నట్టే భావించాలని 2020లో ఒక సవరణ వచ్చింది. లేనివాణ్ణి ఉన్నట్టు సంభావించడం ఉత్ప్రేక్ష. అలంకారశాస్త్రానికి ఆర్థికశాఖ చేసిన సేవను ఎవరూ గుర్తించలేదు.

వెనకాయనకు ఈ సమాధానం ఆనలేదు. మాకూ ఆనలేదు. పన్ను ఒక్కటే అయితే పాతికేళ్ళవాడు ఊరొదలడు. 'పనిగట్టుకుని' అన్న పాఠమే సాధువేమో అన్న అనుమానం ఇక్కడ పట్టుకుంది.

తాత్పర్యం

తన కుమారుడు పని నిమిత్తము వెళ్ళుట లేదట, పనిని తీసుకొని వెళ్ళుచున్నాడట. (గైడు పుస్తకాలు చదివి పాసైనవాళ్ళకు తాత్పర్యం ఇలాగే ఉంటుందని తెలుసు.)

శేషం

అంట = ఇదొక్కటీ మిగిలింది. గ్రాంథికంలో అట. ఒకరు చెప్పగా విన్నాను, నేను చూడలేదు అని చేతులు దులుపుకునే మాట. కంటితో చూడనిదాన్ని చూసినట్టు చెప్పకుండా మన భాష పెట్టిన కట్టు. చిన్న వాక్యంలో రెండుసార్లు వచ్చింది, పునరుక్తి దోషమనుకుని వదిలేయబోయాం. కానీ అదే రైతు అంతకుముందు వరసలో నిలబడి గెలల రేటు పడిపోయిందన్నాడు, అంట లేదు. చెల్లెలు కువైట్‌లో తొమ్మిదేళ్ళు చేసిందన్నాడు, అక్కడా లేదు. చూడని కువైట్ గురించి చూసినట్టే చెప్పాడు, ఎందుకంటే ఆ పని ఏమిటో ఆయనకు తెలుసు: గిన్నెలు తోమడం, పిల్లల్ని ఎత్తుకోవడం. మూడేళ్ళుగా తన ఇంటి వసారాలో, తన కళ్ళెదుట, తను కొనిచ్చిన కుర్చీలో కూర్చుని కొడుకు చేసిన దానికి మాత్రం రెండు అంటలు.

ఈలోగా కుర్రాడు రెండో పొర కూడా లాగేశాడు. పట్టా క్షేమం. సిరా కాస్త ప్లాస్టిక్కుకు అంటుకుపోయింది. రైతు ఆ పొరను వెలుతురుకేసి పట్టి చూశాడు. కొడుకు పేరులో రెండు మూడక్షరాలు తిరగబడి, లేతగా కనిపిస్తున్నాయి. దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ముద్రలన్నీ పడ్డాక తీసుకురా, బాబాయ్. మళ్ళీ లామినేషన్ చేసిస్తాను."

"వద్దంట."